ఎన్‌క్వాస్ గుర్తింపుకు దరఖాస్తు ఎలా? చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది కోసం

ప్రభుత్వ ఆసుపత్రులకు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే నాణ్యతా గుర్తింపే ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు). సబ్‌సెంటర్, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మొదలుకొని జిల్లా ఆసుపత్రి దాకా అన్నీ దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. చాలామంది నేరుగా ఫారం ఎక్కడుందని అడుగుతారు. ఫారం ఆఖరి పని, తేలిక పని. అంతకుముందు ఏ విభాగానికి ఆ విభాగం పనితీరును లెక్కగట్టుకోవాలి. అక్కడ తేడా వస్తే ఫారం ఎంత చక్కగా నింపినా లాభం లేదు.

ముందు ఇంట్లో పరీక్ష

మెడికల్ ఆఫీసర్ గానీ సూపరింటెండెంట్ గానీ పెద్దగా ఉండేలా క్వాలిటీ టీం వేసుకోండి. పీహెచ్‌సీకి ఆరు చెక్‌లిస్టులుంటాయి: ఓపీ, లేబర్ రూం, వార్డు, ల్యాబ్, జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు, జనరల్ అడ్మినిస్ట్రేషన్. జిల్లా ఆసుపత్రికైతే ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంక్, మార్చురీ అంటూ జాబితా చాలా పెద్దది. ఏ విభాగమైనా చూసేది ఎనిమిది అంశాలే: సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, చికిత్స, ఇన్ఫెక్షన్ నివారణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు.

ప్రతి ప్రశ్నకూ పూర్తిగా ఉంటే 2, సగం సగంగా ఉంటే 1, లేకపోతే 0. లేబర్ రూంలో 40 ప్రశ్నలు చూశారనుకుందాం. 25కి రెండేసి, 10కి ఒకటి, 5కి సున్నా వస్తే 80కి 60, అంటే 75 శాతం. మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. జిల్లా ఆసుపత్రికి ఇంకో మెలిక ఉంది: ఒక్కో విభాగమూ విడిగా 70 తెచ్చుకోవాలి. ఆపరేషన్ థియేటర్‌కు 90 వచ్చిందని మార్చురీ 55ను కప్పిపుచ్చలేరు.

లేబర్ రూం మార్కులు లేబర్ రూం సిస్టర్ చేత వేయించొద్దు. ల్యాబ్ వాళ్లను లేబర్ రూంకి, వార్డు వాళ్లను ల్యాబ్‌కి పంపండి. మొదటిసారి 50 వచ్చినా కంగారు పడాల్సింది లేదు. మొదటిసారే 92 వచ్చిందంటేనే నాకు అనుమానం.

తనిఖీకి వచ్చే అసెసర్లు కాగితాలతో సరిపెట్టరు. కళ్లతో చూస్తారు, రికార్డు తీయమంటారు, సిబ్బందినీ రోగినీ అడుగుతారు. క్రిములను చంపే ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఎలా కలుపుతారని వార్డులో ఊడ్చే అమ్మను అడగొచ్చు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీళ్లకు దాదాపు 33 గ్రాములు. గోడ మీద రాసి ఉండటం కాదు, ఆమె నోటి నుంచి రావాలి. టీకాలు దాచే ఫ్రిజ్ (ఐఎల్ఆర్) ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు రాయాలి. ఆదివారాల గళ్లు ఖాళీగా ఉన్నా, నెలంతా ఒకే పెన్నుతో ఒకే అంకె ఉన్నా వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఒక జాగ్రత్త. అక్కడికి వచ్చే రోగుల్లో తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువ. సేవల బోర్డులు, అభిప్రాయ ఫారాలు తెలుగులో మాత్రమే పెట్టి, సంతృప్తి సర్వేలో మార్కులు తగ్గాయని బాధపడితే ఏం లాభం?

కాగితాలు, దారి

దరఖాస్తు ఫారం, ఆసుపత్రి వివరాల పత్రం, విభాగాలవారీ మార్కులు, ఎస్ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), క్వాలిటీ పాలసీ, రోగుల సంతృప్తి సర్వే, నెలనెలా పనితీరు సూచికలు, ప్రిస్క్రిప్షన్ ఆడిట్, డెత్ ఆడిట్. వీటితోపాటు బయోమెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అగ్నిమాపక ఎన్ఓసీ, ఎక్స్‌రే ఉంటే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు. ఆలస్యమయ్యేది ఎక్కువగా ఈ చివరి మూడింటి దగ్గరే. ముందు వాటిని కదపండి.

పీహెచ్‌సీలు తమ జిల్లా డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు ద్వారా, ఏరియా ఆసుపత్రులు డీసీహెచ్ఎస్ (జిల్లా ఆసుపత్రుల సమన్వయ అధికారి) ద్వారా పంపాలి. తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కాబట్టి శ్రీకాళహస్తి వైపు వాళ్లు చిత్తూరుకు పంపకూడదు. జిల్లా నాణ్యతా కమిటీ చూశాక రాష్ట్ర అసెసర్లు వచ్చి మార్కులు వేస్తారు. అందులో నెగ్గితేనే రాష్ట్రం మీ దరఖాస్తును ఢిల్లీకి పంపుతుంది. నేరుగా ఢిల్లీకి పంపే వీల్లేదు. తర్వాత జాతీయ అసెసర్లు వస్తారు. సబ్‌సెంటర్ స్థాయి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలకు 2024 జూన్ నుంచి ఆన్‌లైన్‌లోనే పరిశీలించే పద్ధతి కూడా వచ్చింది.

బ్రహ్మోత్సవాల రోజుల్లో సిబ్బంది తిరుమల డ్యూటీకి వెళ్తారు. ఇంటర్నల్ అసెస్‌మెంట్ తేదీలు అప్పుడు పెట్టుకోకండి.

గుర్తింపు మూడేళ్లు ఉంటుంది. జిల్లా ఆసుపత్రికి పనిచేసే ఒక్కో పడకకు ఏడాదికి 10,000 రూపాయల ప్రోత్సాహకం వస్తుంది. మధ్యలో ఏటా రాష్ట్ర బృందం వచ్చి చూసి పోతుంది. కాబట్టి సర్టిఫికెట్ గోడకెక్కాక కూడా చెక్‌లిస్టులను బీరువాలో పెట్టేయకండి.