5 వోల్టుల్లో ఎంతైనా ఆడనివ్వండి: ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టేముందు జాగ్రత్తలు

బడికి సెలవులిచ్చిన వారంలోపే మా వరండా నిండా బ్రెడ్‌బోర్డులు (వైర్లు గుచ్చే చిల్లుల పలకలు), జంపర్ వైర్లు పరుచుకుంటాయి. నాలుగేళ్లుగా ఖమ్మంలో మా వీధి పిల్లలకు ఎండ ముదరకముందే, పొద్దుటిపూట ఆర్డుయినో (కోడ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) నేర్పుతున్నాను. ఇంట్లో తామే నేర్పుదామనుకునే తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కిట్ కొనాలని. కిట్ సంగతి తర్వాత. పిల్లలు దేన్ని ముట్టుకోవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్నది ముందు తేల్చుకోండి.

నా లెక్క ఇది. యూఎస్‌బీ వైరు నుంచి వచ్చే 5 వోల్టులతో గానీ, మూడు నాలుగు మామూలు పెన్సిల్ సెల్స్‌తో గానీ పిల్లలు ఏం చేసినా చేయనివ్వండి. పక్కన కూర్చుని "అది తియ్, ఇది పెట్టు" అనకండి. కరెంటును తగ్గించే రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీ కలిపితే అది మాడిపోతుంది. మాడనివ్వండి, పోయేది ఒకటి రెండు రూపాయలే. మాడాక మాత్రం నోట్‌బుక్ తెరిపించండి. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, 5లో మిగిలినవి 3. మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పారే కరెంటు 14 మిల్లీ ఆంపియర్లకు కాస్త తక్కువ. ఆర్డుయినో ఊనో పిన్ను 20 వరకు హాయిగా ఇస్తుంది, 40 దాటితే పిన్నో, బోర్డో పాడవొచ్చు. మోటారు అంతకన్నా ఎక్కువ లాగుతుంది కాబట్టి దాన్ని నేరుగా పిన్నుకు కలపకూడదని, మధ్యలో దానికి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు ఉండాలని ఈ లెక్క వేసిన పిల్లలకు మనం చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఇంట్లో మంచి ల్యాప్‌టాప్‌కి బోర్డును నేరుగా తగిలించకండి. విడిగా పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే, షార్ట్ అయినా దెబ్బ ముందు దాని మీద పడుతుంది.

ఐదో తరగతి లోపు వాళ్లయితే ఆర్డుయినో కన్నా మైక్రోబిట్ నయం. లైట్లు, బటన్లు, సెన్సర్లు బోర్డు మీదే ఉంటాయి, వైర్ల గొడవ తక్కువ. 2016లో బ్రిటన్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకు దాదాపు పది లక్షల బోర్డులు ఉచితంగా పంచింది ఇలాంటి మొదటి అడుగు కోసమే.

ఇక ముట్టుకోకూడనివి. మొదటిది గోడ సాకెట్. చప్పట్లు కొడితే లైటు వెలగాలని ప్రతి పిల్లాడికీ ఉంటుంది. రిలే మాడ్యూల్ (ఆర్డుయినో నడిపే స్విచ్) కొంటాడు, ఇంట్లో బల్బు హోల్డర్ వైరు దానికి బిగిస్తాడు. ఆ రిలే బోర్డు తిప్పి అడుగువైపు చూడండి: టంకం చుక్కలు బయటికే ఉంటాయి, వాటిలో 230 వోల్టులుంటాయి. ఎండాకాలం పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు, కూలర్ పక్కన నేల తడిగా ఉంటుంది. అందుకని మా దగ్గర బల్బు బదులు యూఎస్‌బీ లైటు, లేదా అడాప్టర్ మీద నడిచే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్. కోడ్ అదే, ఒక్క లైను కూడా మారదు.

రెండోది, పాత సామాను విప్పడం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. రెండేళ్ల కిందట మా మేనల్లుడు పాడైన దోమల బ్యాట్ విప్పాడు. స్విచ్ ఆపి, బ్యాటరీ కూడా ఊడదీసి పక్కన పెట్టాడు. నేను లోపల టీ పెడుతున్నాను. టప్‌మని చప్పుడు, స్క్రూడ్రైవర్ గచ్చు మీద పడిన చప్పుడు. వచ్చి చూస్తే మెట్టు మీద కూర్చుని చేతివంక చూసుకుంటున్నాడు. బొటనవేలి మీద ఒకటి, చూపుడువేలి మీద ఒకటి, బియ్యపు గింజంత తెల్లటి మచ్చలు. "బ్యాటరీ తీసేశాను కదా మామయ్యా" అన్నాడు. బ్యాట్‌లో వెయ్యి వోల్టులకు పైగా నిలవ ఉండేది కరెంటు దాచుకునే కెపాసిటర్‌లో, బ్యాటరీలో కాదు. ఆ సంగతి వాడికి ముందే చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు. ఫోన్ చార్జర్‌లోనూ కెపాసిటర్ 325 వోల్టుల దాకా నిండుతుంది. పాత డబ్బా టీవీ అయితే అసలే వద్దు. విప్పాలన్న సరదాను చంపకండి. సెల్స్‌తో నడిచే బొమ్మకారు, రిమోట్, గోడ గడియారం, పాత మౌస్ ఇవ్వండి.

మూడోది లిథియం సెల్. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి, పవర్ బ్యాంకుల్లోంచి తీసినవి పిల్లల చేతికి సులువుగా వస్తాయి. ఇలాంటి సెల్స్ చాలావాటిని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో మా ఊళ్లో బయట 43, 44 మామూలే, చార్జింగ్‌లో సెల్ తనంతట తానూ వేడెక్కుతుంది. కాబట్టి చార్జింగ్ పొద్దున్నే, మనం మెలకువగా ఉండగా, బండ మీద. మంచం మీద వద్దు, రాత్రిళ్లు వద్దు, బండి డిక్కీలో దాచడం వద్దు. ఉబ్బిన సెల్‌ను మళ్లీ వాడకండి. సెల్‌కి నేరుగా టంకం పెట్టకండి. 18650 అనే గొట్టం లాంటి సైజు సెల్ మీద సామర్థ్యం 9000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే కొనకండి, ఆ సైజులో నిజమైనవి అందులో సగానికి కూడా రావు.

సెలవుల్లో అమ్మమ్మగారింట్లో చంటిపిల్లలు కూడా చేరతారు. గుండ్రటి బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే గొంతులో కణజాలం కాలిపోవచ్చు. వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. అవి మూత గట్టిగా పట్టే డబ్బాలో, పై అరలో ఉండాలి.

టంకం పని ఏడో తరగతి దాటాకే, అదీ పెద్దవాళ్ల పక్కన. ఐరన్ మొన 350 డిగ్రీల దాకా ఉంటుంది. కళ్లద్దాలు, స్టాండు, తెరిచిన కిటికీ ఉండాలి. పొగను ముఖం నుంచి పక్కకు తోసేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. మామూలు టంకం తీగలో సీసం ఉంటుంది. పోయినేడు ఒక పాప ఎడమచేత్తో తీగ పట్టుకుని, అదే చేత్తో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క తీసుకోబోయింది. అప్పటినుంచి పళ్లెం వంటింట్లోనే, సబ్బుతో చేతులు కడిగాకే. వేలు కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు పోయాలి. మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి, అందుకే ఒక బిందెడు నీళ్లు నీడన పెట్టుకుంటాను. ఐసు, పేస్టు, సిరా ఏవీ రాయకండి.

కోడ్ దగ్గర రెండే మాటలు. వైఫై బోర్డులు వాడితే ఇంటి పాస్‌వర్డ్ కోడ్‌లోనే ఉంటుంది, స్నేహితులకు పంపేముందు చెరిపించండి. కెమెరా బోర్డు ఉంటే అది ఎవరి గదిలోనూ పెట్టకూడదు. ఇక పిల్లలు చేసిన చక్రాల బొమ్మబండికి కొత్త కోడ్ ఎక్కించేటప్పుడు, చక్రాలు నేలకు తగలకుండా బండిని ఒక గిన్నె మీద పెట్టండి. మొదటిసారి అది ఏ వైపు పరిగెడుతుందో పిల్లలకూ తెలియదు, మనకూ తెలియదు.