కొవ్వు తగ్గడానికి బరువులెత్తాలనుకుంటున్నారా? మొదటి ప్లాన్ ఇలా వేసుకోండి

"పొట్ట తగ్గాలండీ, చిన్న బరువులతో ఎక్కువ రెప్స్ చేయించండి." ట్రైనర్‌గా నేను ఎక్కువగా వినే మాట ఇదే. (ఒక వ్యాయామాన్ని ఒకసారి చేస్తే ఒక రెప్, ఆపకుండా చేసిన రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్.) నేను చేయించేది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంటుంది.

కొవ్వు తగ్గేది ముఖ్యంగా తిండి దగ్గర. గంటసేపు బరువులెత్తి ఖర్చు చేసిన కేలరీలు ఒక పూట కాస్త ఎక్కువ తింటే తిరిగొచ్చేస్తాయి. మరి బరువులెందుకంటే, తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. గట్టిగా పని చెప్పే కండను శరీరం అంత తేలిగ్గా వదులుకోదు. కాబట్టి ఎంత చెమట పట్టిందో చూడకండి, బలం పెరుగుతోందా లేదా చూడండి. పొట్ట ఒక్కటే కరిగించే వ్యాయామం లేదు, క్రంచెస్ ఎన్ని చేసినా సరే.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు గ్యాప్. సోమ, బుధ, శుక్ర అనుకోండి. ప్రతిసారీ ఒళ్ళంతటికీ పని పడాలి. రోజుకో భాగం అని పెట్టుకుంటే, కాళ్ళ రోజు మానేసినప్పుడు ఆ వారం కాళ్ళకు పనే ఉండదు. (మానేసేది ఎప్పుడూ కాళ్ళ రోజే!)

గోబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ను ఛాతీ దగ్గర పట్టుకుని కూర్చుని లేవడం), డంబెల్ బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద వెల్లకిలా పడుకుని డంబెల్స్ పైకి నెట్టడం), రోమేనియన్ డెడ్‌లిఫ్ట్ (డంబెల్స్ పట్టుకుని తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం), వన్ ఆర్మ్ రో (ముందుకు వంగి ఒక చేత్తో డంబెల్‌ను నడుము వైపు లాగడం), షోల్డర్ ప్రెస్ (డంబెల్స్‌ను భుజాల దగ్గర నుంచి తల పైకి నెట్టడం), చివర్లో ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు తిన్నగా నిలపడం). ఇవి చాలు. మొదటి రెండు వారాలు రెండేసి సెట్లు, తర్వాత మూడు. ప్లాంక్ తప్ప మిగతావాటికి సెట్‌కు 8 నుంచి 12 రెప్స్, సెట్ల మధ్య ఒకటిన్నర, రెండు నిమిషాల రెస్ట్. సెట్ అయ్యాక "ఇంకో రెండు చేయగలను" అనిపించే బరువే మీ బరువు.

కొత్తవాళ్ళు తడబడేది రోమేనియన్ డెడ్‌లిఫ్ట్ దగ్గరే, దాన్నీ స్క్వాట్‌లా కూర్చుంటూ చేస్తారు. గోడకు వీపు పెట్టి, ఒక చిన్న అడుగు ముందుకు జరిగి నిలబడండి. మోకాళ్ళు కొంచెం సడలించి, వీపు గూను పడకుండా తిన్నగా ఉంచి, ముందుకు వంగుతూ పిరుదులతో గోడను తాకడానికి ప్రయత్నించండి. డంబెల్స్ తొడలకు రాసుకుంటూ కిందికి దిగాలి. తొడల వెనక లాగుతున్నట్టు తెలియగానే ఆగి, పైకి లేవండి. ఆ లాగడం నడుములో తెలిస్తే బరువు పక్కన పెట్టి, ఉత్త చేతులతో మళ్ళీ నేర్చుకోండి.

నోట్‌బుక్ తప్పనిసరి. "స్క్వాట్, 10 కిలోలు, 11-10-9" అని రాస్తే చాలు. మూడు సెట్లలోనూ 12 రెప్స్ పూర్తయిన రోజున తర్వాతి సైజు డంబెల్‌కు వెళ్ళండి. రెప్స్ మళ్ళీ 8కి పడిపోతాయి, కంగారొద్దు. బరువులు పెంచితే కండలు తిరిగిపోతాయని ఆడవాళ్ళు భయపడుతుంటారు. అంత సులువైతే ఏళ్ళ తరబడి జిమ్‌కు వచ్చే మగవాళ్ళకు ఆ తిప్పలెందుకు?

గ్యాప్ రోజుల్లో అరగంట చురుగ్గా నడవండి. బీపీ, గుండె, కీళ్ళ సమస్యలున్నవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి.

తిండిలో ఇప్పుడు తినేదానికంటే రోజుకు 300 నుంచి 500 కేలరీలు తగ్గించండి, ప్రోటీన్ మాత్రం తగ్గనివ్వొద్దు. కిలో బరువుకు 1.6 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి దాదాపు 110 గ్రాములు. ఆ మనిషి వారానికి 350 నుంచి 700 గ్రాములు తగ్గితే బాగానే సాగుతున్నట్టు.

మొదట్లో కొత్త వ్యాయామానికి కండరాల్లో నీరు చేరి బరువు కదలకపోవచ్చు, కాస్త పెరగొచ్చు కూడా. అందుకే రోజూ పొద్దున్నే చూసుకున్న బరువుకు వారం సగటు తీయండి, బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి. నెల గడిచినా రెండూ కదలకపోతే తిండిలో ఇంకో 150 కేలరీలు తగ్గించండి. డంబెల్ సైజు మాత్రం తగ్గించకండి.