చీర్‌లీడింగ్‌లో గడిచే ఏళ్లు పిల్లల ఎదుగుదలకు ఉపయోగపడాలంటే

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు, కూతురు బడిలో చీర్ జట్టులో చేరతానన్నప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఐపీఎల్ మ్యాచ్‌లలో బౌండరీ పక్కన కనిపించిన నృత్యమే. మా అమ్మాయి ఏడో తరగతిలో అడిగినప్పుడు నేనూ అందుకే తటపటాయించాను. పన్నెండో తరగతి దాకా ఆమెతోపాటు ఆ జట్టు వెంట తిరిగాక, ఇప్పుడే పిల్లలను చేర్పిస్తున్న తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందుగా ఒక సాధన పూర్తిగా కూర్చుని చూడండి. ఒకరిని పైకెత్తి నిలబెట్టే విన్యాసాన్ని స్టంట్ అంటారు, అందులో సాధారణంగా ఇద్దరు బేస్‌లు కింద నిలబడి, పైకెక్కే అమ్మాయి అంటే ఫ్లయర్ పాదాలను అరచేతులతో మోస్తారు, వెనుక బ్యాక్ స్పాట్ ఆమె చీలమండలను పట్టుకుని, అవసరమైతే తలా మెడా నేలకు తగలకుండా కాపాడడానికి సిద్ధంగా ఉంటుంది. పట్టు తప్పితే పక్కకు తప్పుకోకూడదు, పైనున్న అమ్మాయిని ఎలాగైనా పట్టుకోవాలి. మా అమ్మాయి బేస్. ఒకసారి జారిపడుతున్న ఫ్లయర్ మోచేయి పెదవికి తగిలి రక్తం వచ్చినా చేతులు వదల్లేదు. తోటివారి బరువును తన బాధ్యతగా తీసుకునే ఆ అలవాటే ఇన్నేళ్ల సాధనలో దక్కిన అసలు ఫలమని నా నమ్మకం. అందుచేత ఫ్లయర్‌గా పైకెక్కే అవకాశం రాలేదని పిల్ల దిగులుపడితే, కింద నిలబడేవారి పని ఎంత గొప్పదో మీరే గుర్తించి చెప్పాలి.

ఏటా మొదట్లో పిల్లచేత ఒక నోటు పుస్తకం పెట్టించండి. “బాగా చేయాలి” అని రాస్తే దానివల్ల ప్రయోజనం లేదు, “డిసెంబరులోగా ఎవరి సాయమూ లేకుండా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి, చేతుల మీదుగా తిరిగి లేచే పల్టీ) చేయాలి” అని రాస్తే అయిందో లేదో తనకే తెలుస్తుంది. జట్టులో చోటు శాశ్వతం కాదు, చాలా బడులలో ఏటా మళ్లీ ట్రైఔట్లు, అంటే ఎంపిక పరీక్షలు ఉంటాయి. పదో తరగతిలో మా అమ్మాయికి వర్సిటీ జట్టులో, అంటే బడి ప్రధాన జట్టులో చోటు రాలేదు. ఆ రోజు కోచ్‌కు నేను ఈమెయిల్ రాయబోయి ఆగిపోయాను, మర్నాడు ఆమే వెళ్లి తన లోపాలేమిటని అడిగి, వచ్చిన జవాబును ఆ పుస్తకంలో రాసుకుంది. దయచేసి ఆ సంభాషణ పిల్లలకే వదిలిపెట్టండి.

భద్రత విషయంలో మాత్రం మీరే అడగాలి. చీర్‌లీడింగ్‌ను క్రీడగా గుర్తించి, మిగతా క్రీడాకారులకు ఉన్న వైద్య సదుపాయాలన్నీ వీరికీ ఇవ్వాలని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లోనే సూచించింది. కొత్త స్టంట్లు మెత్తటి చాపల మీద నేర్పుతున్నారా, ఆటల్లో తగిలే గాయాలను చూసే అథ్లెటిక్ ట్రైనర్ ఉన్నారా, తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట ఆపించి, వైద్యుల అనుమతి వచ్చాకే తిరిగి ఆడిస్తారా అని కనుక్కోండి. బరువు తగ్గితే ఫ్లయర్‌ని చేస్తామన్న మాట ఎవరి నోట వచ్చినా, ఎదిగే వయసులో అన్నం మానిపించడానికి ఒప్పుకోకండి.

కాలేజీ స్కాలర్‌షిప్ మీద ఆశతో ఏళ్లూ డబ్బూ ధారపోయడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే కాలేజీల్లో దీనికి మిగతా క్రీడలకున్న హోదా లేదు. క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం కేసులో 2010లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, పోటీ చీర్‌లీడింగ్, చదువుల్లో ఆడా మగా వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింద క్రీడగా లెక్కకు వచ్చేంతగా ఇంకా ఎదగలేదని తీర్పు ఇచ్చారు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని ప్రపంచ సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇచ్చినప్పటికీ, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ సంప్రదాయ చీర్‌లీడింగ్‌ను తన క్రీడల్లో చేర్చలేదు. టంబ్లింగ్‌లో, అంటే పల్టీల విన్యాసాల్లో నిజంగా రాణిస్తున్న అమ్మాయిలైతే, 2020లో ఎన్‌సీఏఏ ఎదుగుతున్న మహిళా క్రీడల జాబితాలోకి వచ్చిన అక్రోబాటిక్స్ అండ్ టంబ్లింగ్ జట్ల గురించి విచారించవచ్చు.

కాలేజీ దరఖాస్తు వ్యాసంలో పతకాల జాబితా కంటే ఒక్క సంఘటనను వివరంగా రాయడం మేలు, ఇన్నేళ్ల నోటు పుస్తకాలు అక్కరకొచ్చేది అప్పుడే. మా అమ్మాయి పోటీల గురించి రాయలేదు. సాధనకు ముందు ట్రైనర్ తన మణికట్టుకు టేపు చుట్టే తీరును రోజూ గమనిస్తూ, ఏ పొర ఎటు లాగితే ఏ కదలిక ఆగుతుందో అడిగి తెలుసుకున్న వైనం రాసింది. అథ్లెటిక్ ట్రైనింగ్ చదవాలన్న కోరిక ఆమెకు అక్కడే పుట్టింది. పన్నెండో తరగతి చివర్లో, కొత్తగా చేరిన పిల్ల భయంతో తల దించుకుంటే, మా అమ్మాయి ఆ పిల్ల గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తి, “చూపు పైనే ఉంచు, అక్కడున్నది మన పిల్లే” అని చెప్పడం నేను గ్యాలరీలో కూర్చుని విన్నాను.