కారు పాలిషింగ్ ప్రాక్టికల్ క్లాసుకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి. క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) సాధారణంగా 40-50 మైక్రాన్లే, అంచుల దగ్గర ఇంకా పల్చన. పాలిషింగ్ మెషిన్ అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగితే కారు రంగు దాని ప్యాడ్‌కి అంటుకుని వచ్చేస్తుంది. ఇక రీపెయింటే దారి.

పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే ప్రతి ప్యానెల్‌నీ (డోర్, బానెట్ లాంటివి) కొలవండి. అది చూపేది మొత్తం పెయింట్ మందం, క్లియర్ కోట్ ఒక్కదానిదే కాదు.

ఉంగరాలు, వాచీ తీసేయండి, బెల్టు బకిల్ కప్పుకోండి. కారు మీదికి వంగినప్పుడు గీసుకుంటాయి.

కింద పడిన ప్యాడ్ పక్కన పెట్టేయండి. ఒక్క ఇసుక రేణువు చాలు, కొత్త గీతలకు.

మొదట చిన్న చోట, మెత్తటి ప్యాడ్‌తో పాలిష్ చేసి చూడండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఫలితం చూడండి. పాలిష్‌లోని నూనెలు గీతల్ని దాచేస్తాయి.