అలల ఒడ్డున తేలికపాటి రాడ్డు: ఇబ్బంది ఎక్కడ, కారణం ఏమిటి, ఏం చేయాలి

ఒడ్డు నుంచి చేపలు పట్టే చవక రాడ్డుతో పడే తిప్పల్లో చాలావరకు అది చవకదైనందుకు వచ్చేవి కావు, దానికి సరిపడని సీసమో (దారం చివర కట్టే బరువు) రీలో (దారం చుట్టే చక్రం) తగిలించినందుకు వచ్చేవి. పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి పొడవు, రెండోది విసరగల బరువు. కొనేవాళ్లు మొదటిది చూస్తారు. తేడా అంతా రెండోదానిలో ఉంది.

ఇక్కడ చెప్పేదంతా 9 నుంచి 11 అడుగుల రాడ్డు, 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీలు, 80 గ్రాములు మించని సీసం గురించి. పార, గొరక, జెల్ల, అదృష్టం బాగుంటే పండుగప్ప దొరికే సరంజామా ఇది. పెద్ద టేకు చేపల మీద ఆశ ఉంటే వేరే రాడ్డు చూసుకోవాలి.

ఎంత బలంగా విసిరినా సీసం మొదటి అల దగ్గరే పడుతోంది

ముందు రాడ్డు మీది బరువు అంకె చూడండి. 100–200 గ్రాములు అని ఉన్నదానికి 40 గ్రాముల సీసం కడితే రాడ్డు వంగదు. వంగి తిరిగి లేచేటప్పుడే అది సీసాన్ని తోస్తుంది. వంగకపోతే పనంతా మీ భుజానిదే. "గట్టి రాడ్డు, పది కాలాలు ఉంటుంది" అని అంగట్లో చెప్పే మాటకు పడిపోయి కొన్నవాళ్లందరిదీ ఇదే కథ.

తేలిక వేటకు 30–80 లేదా 40–80 గ్రాములు అని రాసి ఉన్నది తీసుకోండి. పై అంకెలో మూడింట రెండు వంతుల దగ్గర రాడ్డు బాగా పనిచేస్తుంది. అంటే 80 గ్రాముల రాడ్డుకు సీసం, ఎర కలిపి 50–60 గ్రాములు. ఎర బరువు కలపడం చాలామంది మరిచిపోతారు. పెద్ద రొయ్య ఒక్కటే 20 గ్రాములు తూగవచ్చు.

రాడ్డు సరైనదే అయితే రీలు చూడండి. స్పూల్ (రీలులో దారం చుట్టుకునే భాగం) అంచుకు 2 మిల్లీమీటర్ల కిందివరకు దారం నిండి ఉండాలి. సగం ఖాళీగా ఉంటే దారం అంచుకు రాసుకుంటూ వెళ్లి దూరం తగ్గుతుంది. దారం లావైనా అంతే. నైలాన్ అయితే 0.30–0.35 మిల్లీమీటర్లు, బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన దారం) అయితే 20 పౌండ్ల బరువు తట్టుకునేది చాలు.

ఇంకోమాట. అంత దూరం మీకు నిజంగా కావాలా? విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డు వెంటనే లోతుకు దిగిపోతుంది, అక్కడ 9 అడుగులది హాయిగా సరిపోతుంది. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో చాలా దూరం నడిచినా నీళ్లు మోకాళ్లు దాటవు. అక్కడికైతే 11 అడుగులది కొన్నా దండగ కాదు. ఎక్కువగా ఏ ఒడ్డుకు వెళ్తారో తేల్చుకున్నాకే పొడవు నిర్ణయించుకోండి.

విసరగానే దారం తెగి సీసం ఒక్కటే ఎగిరిపోతోంది

ఇది ఒడ్డున ఉన్నవాళ్లకు ప్రమాదం, కాబట్టి సరిచేశాకే మళ్లీ విసరండి. అసలు దారానికి ముందు లావుపాటి నైలాన్ ముక్క కట్టకపోవడమే సాధారణంగా కారణం. ప్రతి 30 గ్రాముల బరువుకూ 10 పౌండ్ల చొప్పున లెక్కేసి, ఆపైన కొంచెం ఎక్కువే వేసుకోండి: 60 గ్రాములకు 25–30 పౌండ్లది. పొడవు రాడ్డుకు రెండింతలు, దానిపైన స్పూల్ మీద ఐదారు చుట్లు.

అది కట్టినా తెగుతోందంటే గైడ్ రింగుల (రాడ్డు పొడవునా దారం దూరి వెళ్లే రింగులు) లోపల దూదిపుల్ల తిప్పండి. దూది పీచు ఎక్కడ పట్టుకుంటే అక్కడ రింగు పగిలిందనో గాడి పడిందనో అర్థం. నాసిరకం రింగులను బ్రెయిడ్ కోసేస్తుంది. ఆ ఒక్క రింగు మార్పించుకుంటే సరి, కొత్త రాడ్డు అక్కర్లేదు.

దారం మొదటి రింగు దగ్గర ఉచ్చు పడి చిక్కుకుంటోంది

స్పిన్నింగ్ రీలు నుంచి దారం పెద్ద పెద్ద చుట్లుగా లేస్తుంది. మొదటి రింగు చిన్నదైతే ఆ చుట్లు అక్కడ గుమిగూడతాయి. 5000 సైజు రీలుకు మొదటి రింగు 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 40 ఉంటే ఇంకా మంచిది. కొన్నాక మార్చడం కష్టమైన విషయం ఇది. అందుకే అంగడికి మీ రీలు వెంట తీసుకెళ్లి బిగించి చూడండి. రింగు సరైనదే అయితే, విసిరిన తర్వాత బెయిల్ తీగను (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే వంపు తీగ) హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి, వదులు దారం కాస్త లాగి బిగించాకే చుట్టండి. సగం చిక్కులు అక్కడే పోతాయి.

సీసం నిలవకుండా పక్కకు కొట్టుకుపోతోంది

వెంటనే ఇంకా బరువు కట్టాలనిపిస్తుంది. వద్దు, మార్చాల్సింది ఆకారం. గుండ్రటి సీసం ఇసుక మీద దొర్లుతుంది. పిరమిడ్ ఆకారంలోదో, తీగ కాళ్లు ఉన్నదో 60 గ్రాములైనా పాతుకుంటుంది. మన తీరంలో నైరుతి కాలంలో ఒడ్డు వెంట నీరు ఉత్తరం వైపు, నవంబరు తర్వాత దక్షిణం వైపు లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురు దిక్కుగా కొంచెం వాలుగా విసిరి, రాడ్డును ఇసుకలో పాతిన ఎత్తైన గొట్టంలో నిలబెట్టండి. విరిగే అలల పైనుంచి దారం వెళ్తే లాగుడు చాలా తగ్గుతుంది.

చేప కొట్టినా తెలియడం లేదు

కొన మరీ గట్టిది, లేదా రాడ్డు పూర్తిగా ఫైబర్ గ్లాస్‌తో చేసి బరువుగా ఉంది. గ్లాస్, కార్బన్ కలిపిన రాడ్డు ఈ ధరల్లో మంచి రాజీ. పూర్తి కార్బన్‌ది తేలికే, కానీ రాయికి తగిలితే ఓర్చుకోదు. అంగట్లో ఎవరినైనా కొన పట్టుకొని నెమ్మదిగా లాగమనండి. వంపు పైభాగంలో మొదలై నడుము వరకు ఒకే తీరుగా రావాలి.

అతుకు దగ్గర తిరిగిపోతోంది, ఊడిపోతోంది

ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాల రాడ్డు అయితే ఇసుక కారణం, దాన్ని కడిగి ఆరబెట్టడం తప్ప చేసేదేమీ లేదు. ఈ పనికి రెండు ముక్కలదే నా ఓటు. 10 అడుగులది రెండు 5 అడుగుల ముక్కలవుతుంది, ఆటోలో పడుతుంది. అతుకు వదులైతే లోపలికి దూరే భాగానికి కొవ్వొత్తి మైనం పలుచగా రుద్దండి. రింగులు వరసలో ఉన్నాయో లేదో విసిరే ముందు ఒకసారి కన్నుపెట్టి చూసుకోండి.

చేప ఒడ్డుకు వచ్చాక కొన విరిగింది

రాడ్డును నిటారుగా ఎత్తి చేపను వేలాడదీశారన్నమాట. అప్పుడు బరువంతా పలుచటి కొన మీదే పడుతుంది. వచ్చే అల చేపను ముందుకు తోసేవరకు ఆగి, వెనక్కి నడుస్తూ ఇసుక మీదికి జారేలా లాగండి. కార్బన్ రాడ్డుకు విద్యుత్తు పాకుతుందని కూడా గుర్తుంచుకోండి: కరెంటు తీగల కింద నిలబెట్టవద్దు, ఉరుములు మొదలైతే ఒడ్డు వదిలేయండి.

రింగుల కాళ్ల దగ్గర తుప్పు

కొనేటప్పుడే స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రం ఉన్నవి అడగండి. బడ్జెట్ బిగువుగా ఉంటే డబ్బు రంగు మీద కాక రింగుల మీద పెట్టండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ముక్కలు విడదీసి, నీడలో ఆరబెట్టాలి. రీలు మీద మాత్రం పైపు పెట్టి జోరుగా నీళ్లు కొట్టవద్దు. ఆ ఒత్తిడికి ఉప్పు, ఇసుక లోపలి గేర్లలోకి వెళ్తాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.