శాటిలైట్ ఫొటోలో ఇళ్ళ సాంద్రత – 4వ పాఠం: కృష్ణ ఇసుక ఊరైపోయింది

పోయిన పాఠంలో మే నెల శాటిలైట్ ఫొటోతో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్ళెక్కడున్నాయో మ్యాప్ చేశాం కదా, మీరు పంపినవన్నీ చూశానండి. దాదాపు అందరికీ ఒకటే వచ్చింది, ప్రకాశం బ్యారేజీ దిగువన నదిలో ఉన్న ఇసుక మేటలు విజయవాడ వన్‌టౌన్ కంటే కిక్కిరిసిన ఊరులా ఎర్రగా మెరిసిపోతున్నాయి, తెనాలి వైపు పొలాలు కూడా అంతే. కాబట్టి ఇవాళ అనుకున్న గ్రిడ్ (గడుల) లెక్క చివర్లో కొంచెమే, ముందు ఇది తేల్చాలి.

సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలో బీ11 (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి) లోంచి బీ8 (నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి) తీసేసి, రెండిటి మొత్తంతో భాగించాం కదా, అదే ఎన్‌డీబీఐ, కట్టడాల్ని పట్టుకోడానికి వాడే సూచిక. పచ్చటి ఆకు బీ8లో బాగా మెరుస్తుంది, ఆకులో ఉన్న నీళ్ళు బీ11ని మింగేస్తాయి, అందుకని చెట్టు దగ్గర మైనస్ వస్తుంది. కాంక్రీటుకి బీ11 ఎక్కువ, కానీ ఎండిన ఇసుకకీ, దున్నిన దుక్కికీ, ఇంద్రకీలాద్రి బండరాయికీ కూడా ఎక్కువే! అంటే ఆ నంబరు "ఇక్కడ ఇల్లుంది" అని చెప్పట్లేదు, "ఇక్కడ పచ్చదనం లేదు, తడి లేదు" అంటోంది, అంతవరకే.

చాలామంది చేసిన పని, ఎన్‌డీబీఐ ఇంత దాటితే ఇల్లు అని సున్నా దగ్గర పెట్టిన హద్దుని 0.1కి పెంచేయడం. దయచేసి అలా చెయ్యకండి. ఇసుక విలువ ఇళ్ళ కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి హద్దు పెంచేకొద్దీ ఇసుక అలాగే ఉండిపోయి, ఇంటికో వేపచెట్టు, కొబ్బరిచెట్టు ఉన్న కాలనీలు ముందు ఎగిరిపోతాయి. హద్దు ఎంత జరిపినా ఒక్క మే నెల ఫొటోతో ఇది తేలదు, ఏడాది మొత్తం చూడాల్సిందే. పొలం మేలో బోడిగా ఉన్నా అక్టోబరులో వరితో పచ్చబడుతుంది, మేడ ఏ నెలలోనూ పచ్చబడదు. అందుకని ఏడాది ఫొటోల్లో ప్రతి పిక్సెల్‌కీ ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) గరిష్ఠం తీసి, 0.5 దాటినవన్నీ కొట్టేయండి. చెట్ల కింద పెంకుటిళ్ళు కొన్ని పోతాయి, వాటిని నేనైతే చేత్తోనే కలుపుకుంటాను.

ఇసుకకి ఇది చాలదు, అది పచ్చబడదుగా. నది నిండుగా ఉన్నప్పటి ఫొటో తీసుకుని నీళ్ళున్న చోటు మాస్క్ చెయ్యండి, అంటే లెక్కలోంచి తీసెయ్యండి, ఎప్పుడూ మునగని మేటలుంటే చేత్తో గీసెయ్యండి. కానీ 2024 సెప్టెంబరు మొదటి వారాల ఫొటో మాత్రం వద్దు, బుడమేరు వరదలో సింగ్ నగర్ మునిగింది, ఆ ఇళ్ళన్నీ మ్యాపులో నది నీళ్ళతో కలిసిపోయి లెక్కలోంచి పోతాయి. కొండరాళ్ళకి వాలు చూసి కోసెయ్యండి, సరిపోద్ది.

ఇక గ్రిడ్. యూటీఎం 44 నార్త్‌లో (మన ప్రాంతాన్ని మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) 100 మీటర్ల గడులు, ఒక్కో గడిలో 10 మీటర్ల పిక్సెళ్ళు 100, అందులో కొట్టేయకుండా మిగిలినవెన్నో అదే శాతం. ఇది నేలమీద కట్టడం ఎంత పరుచుకుందో చెప్తుంది, అంతస్తులు కాదు, మనుషులసలే కాదు. గుంటూరు మిర్చి యార్డు షెడ్లకి పెద్ద శాతం వస్తుంది, అక్కడ కాపురాలేవీ?

అభ్యాసం కొంచెం కష్టమే, అయినా వదలకండి. విజయవాడలో వన్‌టౌన్, పటమట, గుంటూరులో బ్రాడీపేట, మిర్చి యార్డు, ఒక్కో చోట ఐదేసి గడులు. ప్రతి గడిలో 25 చుక్కలు పెట్టి స్పష్టమైన ఫొటో మీద ఎన్ని కట్టడం మీద పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, మీ మ్యాప్ శాతం పక్కన రాయండి. వన్‌టౌన్‌లో మీ మ్యాపే ఎక్కువ చూపిస్తుంది, సన్న సందులు 10 మీటర్ల పిక్సెల్‌లో కనపడవు కాబట్టి. ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఫొటోలో పక్కకి ఒరిగినట్టుంటాయి, అక్కడ చుక్కని పైకప్పుని బట్టి కాకుండా బిల్డింగ్ మొదలుని బట్టి లెక్కేసుకోండి.