ఎండలు ముదరకముందే పెంపుడు పక్షులకు రక్తపరీక్ష: పాటించవలసిన జాగ్రత్తలు

కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పక్షులకు చెమట పట్టదు. అవి నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటాయి కనుక ఒంట్లోని నీరు త్వరగా తగ్గిపోతుంది. అందుకే పావురాలు, కాకటీల్‌లు, బడ్జీలు (ఈ రెండూ చిన్న విదేశీ చిలుకలు) పెంచేవారు అవి హుషారుగా ఉన్న ఫిబ్రవరిలోనే ఒకసారి రక్తపరీక్ష చేయించి, వేసవిలో జబ్బు చేస్తే పోల్చి చూసేందుకు ఆ రిపోర్టును దాచుకోవాలి. (రామచిలుకను పెంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి దాని ప్రస్తావన ఇక్కడ లేదు.)

రక్తపరీక్షలోని ఒక్కో అంకెకు పుస్తకాల్లో ఇచ్చే సాధారణ పరిధిని ఆరోగ్యమైన పక్షుల్లో 95 శాతం ఇమిడేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని 20 పక్షుల్లో ఒకటి ఆ పరిధికి బయటే ఉంటుంది. జాతి, వయసు, పరీక్షించే యంత్రం మారినా అంకెలు మారతాయి కాబట్టి, మీ పక్షి పాత రిపోర్టే నమ్మదగిన కొలమానం.

మనుషుల ల్యాబ్‌లో చేయిస్తే గ్లూకోజ్ 280 అని వచ్చి, పక్కనే 'ఎక్కువ' అని అచ్చవుతుంది. అది చూసి మధుమేహమని బెంబేలెత్తవద్దు. చాలా పక్షులకు డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా సహజమే, 150 కంటే తగ్గితే ఆందోళన చెందాలి. మూత్రపిండాల విషయంలో మనుషులకు చూసే క్రియాటినిన్ అనే వ్యర్థం అంకె పక్షులకు పెద్దగా పనికిరాదు, పక్షులు విసర్జించే ప్రధాన వ్యర్థమైన యూరిక్ యాసిడ్ చూడాలి. అయితే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిన్నాకే అది పెరుగుతుంది కనుక, అంకె బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. గుడ్లు పెట్టే ఆడపక్షిలో కాల్షియం బాగా ఎక్కువగా కనిపించడం జబ్బు కాదు.

రక్తాన్ని పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడే తీయాలి. ఆరోగ్యమైన పక్షి నుంచి దాని బరువులో ఒక శాతానికి మించి తీయకూడదు; 30 గ్రాముల బడ్జీకి అది 0.3 మిల్లీలీటర్లే, నీరసించినదానికి ఇంకా తక్కువ. ఊదారంగు మూత ట్యూబులో వేస్తే కాల్షియం, పొటాషియం అంకెలు తప్పుగా వస్తాయి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు అడగాలి, ప్లాస్మాను (రక్తకణాలు పోగా మిగిలే ద్రవాన్ని) వెంటనే వేరు చేయించాలి.

పంజరాన్ని ఉదయం చల్లగా ఉన్నప్పుడే, గాలి ఆడేలా గుడ్డ కప్పి తీసుకెళ్లాలి. పట్టుకునేటప్పుడు గింజుకుంటే కండరాల ఎంజైములు పెరిగి కాలేయ జబ్బులా భ్రమ కలిగిస్తాయి. ఇప్పటికే రొప్పుతున్న పక్షికి ముందు నీడ, నీరు, చల్లదనం చూడాలి. రక్తం సంగతి అది తేరుకున్నాకే.